ఎదుటోడు ఏ రీల్‌ల దిగుతడు? ఆరు గ్యాంగ్‌స్టర్ సినిమాల మీద పాలమూరు ఆపరేటర్ రివ్యూ

గ్యాంగ్‌స్టర్ సినిమా బాగుందా అని ఎవరన్న అడిగితే నేను ముందుగాల హీరో సంగతి ఎత్తను. ఆయనకు ఎదురు నిలిచేటోడు ఎవడు, ఎప్పుడు దిగిండు, ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిండు అని చూస్త. ఆ ఎదుటోడు సరిగ్గ కుదిరితే పాటలు ఎక్కువైనా, ఫైట్లు తక్కువైనా సినిమా ముప్పై ఏండ్లు నిలబడతది. కుదరకపోతే ఎంత పెద్ద స్టార్ ఉన్నా రెండో వారానికి బాల్కనీ ఖాళీ.

ఈ లెక్క నాకు ప్రొజెక్టర్ రూముల కూసొని అబ్బింది. మహబూబ్‌నగర్‌ల ఒక టాకీసుల ముందు అసిస్టెంటుగ, తర్వాత ఆపరేటర్‌గ చేసిన. డిజిటల్ పెట్టె వచ్చి రీళ్లు బంద్ అయ్యేదాక అదే నా పని. 35 ఎంఎం రీలు వెయ్యి అడుగులు ఉంటది, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన దగ్గర దగ్గర పదకొండు నిమిషాలు నడుస్తది. రెండు రీళ్లు కలిపి అతికించి ఒక స్పూలుకు ఎక్కించేటోళ్లం. ఒక ప్రొజెక్టర్ మీద స్పూలు అయిపోవస్తుంటే తెర మీద కుడిచేతి పై మూలల చిన్న గుండ్రటి మచ్చ పడతది. అది చూసి రెండో ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలె. ఇంకో మచ్చ పడంగనే మార్చాలె. ఆ మచ్చ కోసం తెర మీద కన్ను, తెరకు వెలుతురు ఇచ్చే కార్బన్ కడ్డీల మంట మీద ఇంకో కన్ను పెట్టి పని చేసేటోడికి సినిమా కథలాగ కనపడదు, ముక్కలు ముక్కలుగ కనపడతది. ఏ ముక్కల ఏమున్నదో నోటికి వస్తది.

ఇంకొకటి. ప్రొజెక్టర్ పక్కన చిన్న అద్దం కిటికీ ఉంటది. దాంట్ల నుంచి చూస్తే కింద జనం తలకాయలు కనపడతయి. ఏ సీనుల తలకాయలు కదలకుంట ఉన్నయి, ఏ సీనుల బీడీలకు లేచిపోయిన్రు అన్నది నాకంటే బాగ ఏ పేపరోళ్లకు తెల్వదు. నేను చూసినంతల గ్యాంగ్‌స్టర్ సినిమాల జనం లేచేది పాటప్పుడు ఒక్కటే కాదు. హీరోకు ఎదురు లేని రీల్ వచ్చిందంటే లేస్తరు. కొట్టుకుంట పోతుంటే, ఆపేటోడు లేకుంటే, మన జనానికి వెంటనే తెలిసిపోతది.

మా మెట్టుగడ్డల మా అక్క కొడుకు ఉన్నడు, డిగ్రీ చదువుతుండు. మొన్న టీవీ ముందట కూసొని, "మామా, ఈ గ్యాంగ్‌స్టర్ సినిమాలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి గదా. పేదోడు వస్తడు, తుపాకి పడతడు, పెద్దోడైతడు, ఆఖరికి సస్తడు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే" అన్నడు. ఒక్కతీరుగ ఉండేది హీరో దారేరా, ఆ దారిల అడ్డం నిలబడేటోడు మారితే సినిమానే మారిపోతది అని చెప్పిన. నమ్మలేదు. అందుకని ఆరు సినిమాలు తీసి వాని పక్కన కూసొని మళ్లీ చూసిన. ఈ రివ్యూ ఆ ఆరింటి గురించి. కథలు కొంత బయటపడతయి, చూడనోళ్లు ముందు చూసి రాండ్రి.

మొదలు శివ. 1989 అక్టోబరు 5న వచ్చింది. రాంగోపాల్ వర్మకు మొదటి సినిమా. ఆయన విజయవాడల ఇంజినీరింగ్ చదివేటప్పుడు చూసిన కాలేజీ రాజకీయాలే దానికి మూలం. సైకిల్ చైన్ తెంపే సీను గురించి అందరు చెప్తరు, నేను చెప్ప. నేను చెప్పేది భవాని గురించి. అప్పటిదాక తెలుగు విలన్ అంటే అరుపు, నవ్వు, పెద్ద కుర్చీ, చుట్టూ మనుషులు. రఘువరన్ వచ్చి గొంతు లేపకుంట మాట్లాడిండు. ఎవరి మీదికీ ఉరకడు. నిలబడతడు, వింటడు, తక్కువల తక్కువ మాటలతోని పని అప్పజెప్తడు. మా టాకీసుల ఆయన తెర మీదికి వస్తే హాలు మొత్తం సప్పుడు ఆగేది. మెల్లగ మాట్లాడుతుండు గదా, వినాల్నంటే ఊకోవాలె. ఎదుటోనికి బలం ఎట్ల వస్తదో నాకు అర్థమైంది అక్కడనే. వాడు జనాన్ని వినేటట్టు చేసుకోవాలె.

కట్టుబడి సంగతికొస్తే, శివ మెట్లు మెట్లుగ ఎక్కే సినిమా. ముందు కాలేజీల రౌడీ స్టూడెంటు జేడీ ఎదురు. జేడీ మీద చెయ్యి పడితే ఆ చెయ్యి ఎవరిదని భవాని చూస్తడు. భవాని వెనుక మాచిరాజు, కోట శ్రీనివాసరావు వేసిన రాజకీయ నాయకుడు. ఒక్కొక్క మెట్టు ఎక్కంగ ఎదుటోడు పెద్దగైతుంటడు. శివకు వెనక్కి పోవుడు ఉండదు. ఇట్ల కట్టుడు సులువు అనిపిస్తది గాని, ప్రతి మెట్టు కాడ హీరోకు ఏదో ఒకటి పోవాలె. దోస్తు మల్లి పోతడు. ఆఖరికి అన్న బిడ్డ, ఆ చిన్నపిల్ల కీర్తి పోతది. గెలిచిన కొద్ది పోగొట్టుకునుడు. మిద్దె మీద చివరి కొట్లాట అయిపోయినా హాలుల ఈల పడకపోయేది, దానికి కారణం ఆ పిల్లనే. నా ఫిర్యాదు ఒక్కటే: నాగార్జున, అమలల పాటలు వచ్చినప్పుడల్లా భవాని మాయమైతడు, కథ మళ్లీ వేడెక్కడానికి ఒక సీను ఖర్చు అయితది. ఇళయరాజా పాటలు బాగున్నయి, నాకు ప్రాణం. కాని బాగున్న పాట కూడా తప్పు జాగల పడితే ఎదుటోని బలం గుంజుకుంటది.

ఆరింట్ల నాకు అన్నింటికంటే పైన ఉన్నది నాయకుడు. 1987ల తమిళంల మణిరత్నం తీసింది, మనకు డబ్బింగ్‌ల వచ్చింది. నేను అప్పుడు అసిస్టెంటు పిల్లగాణ్ని. ఆ ఏడు అవార్డులల్ల కమల్‌హాసన్‌కు, కెమెరా పట్టిన పి.సి. శ్రీరామ్‌కు, సెట్టు వేసిన తోట తరణికి ముగ్గురికీ జాతీయ అవార్డు ఇచ్చిన్రు. బొంబాయిల ధారావి బస్తీ అని మనం చూసేది చాలావరకు మద్రాసుల వేసిన సెట్టే. మా దిక్కు నుంచి బొంబాయికి కూలికి పోయి వచ్చినోళ్లు కూడా దాన్ని సెట్టు అనుకోలేదు.

ఇంత మెచ్చుకునుడు అవార్డుల కోసం కాదు. ఆ కథల కమల్ వేసిన వేలు నాయకర్‌ను చంపేది ఎవడు? ఒక్కసారి సినిమాను వెనక్కి తిప్పి చూడండ్రి. వేలును పెంచిన హుస్సేన్ భాయ్‌ని లాకప్‌ల సంపుతడు ఇన్‌స్పెక్టర్ కేల్కర్. వేలు పట్టపగలు నడిరోడ్డు మీద కేల్కర్‌ను సంపుతడు. అక్కడికి పగ తీరింది. వేరే సినిమా అయితే అక్కడ ఒక పాట పెట్టి ముందుకు పోతది. మణిరత్నం పోలేదు. కేల్కర్ ఇంటికి తీసుకపోతడు వేలును. ఆ ఇంట్ల భార్య ఉన్నది, ఒక కొడుకు ఉన్నడు, ఆ పిల్లగానికి బుద్ధి సరిగ ఎదగలేదు. ఆ పిల్లడు ఎదురుగ నిలబడి చూస్తడు. వేలు వాళ్లకు సాయం చేస్తడు, అంతే, సీను అయిపోయింది. ఆ తర్వాత ఎన్ని రీళ్లు తిరిగినా ఆ పిల్లని సంగతి గట్టిగ ఎత్తరు. రెడ్డి అన్నదమ్ముల కొట్లాట వస్తది, భార్య నీల పోతది, పిల్లలు పెద్దగైతరు, కొడుకు సూర్య పోతడు, బిడ్డ చారుమతి తండ్రిని కాదని ఇల్లు విడిచి పోతది. మనం ఎదుటోళ్లు వీళ్లే అనుకుంటుంటం. అటు ఆ పిల్లడు అజిత్ అక్కడక్కడ, పనోని తీరు, ఇంటిమనిషి తీరు కనపడుతనే ఉంటడు. ఆఖరికి కోర్టు విడిచిపెట్టిన మనిషిని కోర్టు బయట కాలుస్తడు ఆ అజిత్.

విత్తనం వేసిన తర్వాత పంట కోసేదాక దాని ముచ్చటే ఎత్తకుంట ఉండుడు మామూలు ధైర్యం కాదు. ఇది నేను రీళ్ల మీద చూసిన. వేలు కేల్కర్ ఇంటికి పోయే సీను ఉన్న స్పూలు ఒకటి, ఆఖరి స్పూలు ఒకటి. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి నాకు పని నేర్పిన పెద్దాపరేటర్ సాబ్ చెప్తుండె: "చూడు బిడ్డా, ఈ డబ్బల ఉన్న పిలగాడే ఆ డబ్బల తుపాకి పట్టిండు. నడుమ ఉన్న డబ్బలన్నీ వాని వయసు పెరగటానికే." అంత సూటిగ కథ కట్టుబడి గురించి నాకు మళ్లీ ఎవరు చెప్పలేదు.

ఇంకో ఎదురు కూడా ఉన్నది ఇందుల, అది బిడ్డ. చారుమతి లగ్గం చేసుకున్నది ఎవరిని? తన తండ్రిని పట్టుకోవటానికి వచ్చిన పోలీసాఫీసర్ పాటిల్‌ను, నాజర్ వేసిన పాత్ర. అల్లుడు అని తెలిసే సీనుల కమల్ మొహం చూడండ్రి. నడుమల నిలబడి బిడ్డను చూస్తడు, ఆ ఇంటిని చూస్తడు. ఎదుటోళ్లు ముగ్గురైన్రు: బిడ్డ, అల్లుడు, తాను తండ్రి లేకుంట చేసిన పిల్లడు. ముగ్గురిని తయారు చేసింది వేలే. బయట నుంచి ఒక్కడు కూడా రాలేదు. మనుమడు వచ్చి నువ్వు మంచోనివా చెడ్డోనివా అని అడిగితే తెల్వదు అంటడు వేలు, ఆ తెల్వదు అన్న మాటకు బలం ఈ ముగ్గురి నుంచి వచ్చింది. మా అక్క కొడుకు ఇక్కడ ఒక్క ముచ్చట కూడా మాట్లాడకుంట లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ కూసున్నడు.

సత్య 1998 జులైల వచ్చింది. మా దిక్కు జనానికి ఉర్దూ, హిందీ నాలుక మీదనే ఉంటది కాబట్టి హిందీ సినిమా అని ఎవరు వెనుకకు తగ్గలేదు. ఆ ఏడు కురుమూర్తి జాతరకు మా బావ బొంబాయి నుంచి వచ్చిండు. పాలమూరోళ్లకు బొంబాయి అంటే పక్కూరి తీరు. వానలు పడకపోతే మూట కట్టుకొని బొంబాయి బస్సు ఎక్కుడే. బావ అక్కడ సెంట్రింగ్ పని చేసేటోడు. సినిమా చూపిస్త అని ప్రొజెక్టర్ రూముకు తీసుకపోయి స్టూలు ఏసిన. చిన్న కిటికీల నుంచి చూసుకుంట, "గిదే రా, గిట్లనే ఉంటది. ఒక్క రూము, ఎదురు రూమోని వంట వాసన మనింట్ల, ఎవడు ఎవనికి ఏం పనో అడగడు" అన్నడు. హీరో సత్య, ఆయన ప్రేమించే పిల్ల విద్య ఎదురెదురు రూములల్ల ఉండే చాల్, అంటే ఒక్క రూము ఇండ్ల బిల్డింగు, చూసి అన్న మాట అది. ఎవడు ఏం పనో అడగడు అన్నది ఆ సినిమా మొత్తానికి ఆయువుపట్టు. సత్యకు ఊరు లేదు, తల్లిదండ్రుల కథ లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. వచ్చిండు, అంతే.

ఇక్కడ ఎదుటోడు ఎవడు? గురునారాయణ్ అని ఒకడు ఉంటడు, పోటీ గ్యాంగు. వాణ్ని సత్య ఉండే గ్యాంగు పెద్ద భీకూ మాత్రే ఉరికించి సంపుతడు, ఆ గ్యాంగు వెనుక ఉండే రాజకీయ నాయకుడు భావు వద్దన్నా వినకుంట. మనోజ్ బాజ్‌పాయ్‌కి జాతీయ అవార్డు తెచ్చిన పాత్ర. సముద్రం కాడ నిలబడి ముంబైకి రాజు ఎవడని అరిచే సీను అందరికి యాదికున్నది. కాని సినిమా వంగేది వద్దన్నా వినకపోయిన కాడ. కొత్త పోలీసు కమిషనర్ వచ్చి గ్యాంగులను ఏరుడు మొదలు పెడితే, ఆయన్నే లేపేద్దం అని సత్య సలహా ఇస్తడు. ఆ సలహా పని చేస్తది. పని చేసుడే దెబ్బ. పోలీసోళ్లందరు ఒక్కటైతరు, అటు ఎలక్షన్ గెలిచిన భావుకు ఇగ వీళ్లతో అవసరం తీరింది. సంబరం నడుమ, నవ్వుకుంట, ఒక్క దెబ్బకు భీకూను కాల్చేస్తడు భావు.

ఆ తుపాకి సప్పుడు నేను ఎన్నో ఆటలు విన్న. ప్రతిసారి కింద తలకాయలు ఒక్కసారి వెనక్కి పోయేవి. వార్నింగ్ మ్యూజిక్ ఉండదు, మొహాల క్లోజప్ ముందుగాల రాదు. శత్రువు పక్క కుర్చీల కూసొని సంబరం చేసుకుంటుంటే మనకెట్ల తెలుస్తది? శివల ఎదుటోడు ఎదురుంగ ఉంటడు, మెట్ల మీద పైన ఉంటడు. తొమ్మిదేండ్లకు అదే దర్శకుడు ఎదుటోణ్ని మనవైపు కూసోబెట్టిండు. రెండు సినిమాలు వరుసగ చూస్తే ఒక మనిషి పనిల ఎంత ఎదిగిండో తెలుస్తది. వినాయకుని నిమజ్జనంల సత్య భావును పొడిచే సీను కూడా బాగ తీసిన్రు. కాని నా మనసు భీకూ పోయిన కాడనే ఆగిపోతది, తర్వాత ఉన్నది లెక్క తీర్చుడు. విద్య ఇంటి తలుపు కాడ సత్య పడిపోయే ఆఖరి సీను ఆ లెక్కల ఉన్న బాకీ. ప్రేమ పాటలు తగ్గించి ఉంటే ఇది నాయకుడు పక్కన నిలబడేది.

ఇంగ్లీషు మూడు మిగిలినయి. ఇవి నేను టాకీసుల వెయ్యలేదు, తర్వాత ఇంట్ల చూసినవే. అయినా చూసే అలవాటు రీళ్లదే.

గాడ్‌ఫాదర్, 1972, దగ్గర దగ్గర మూడు గంటలు. మొదటి అర్ధగంటకు కొంచెం తక్కువ అంత పెండ్లి. మా అక్క కొడుకు ఫోను తీసిండు. తియ్యొద్దురా, ఆ పెండ్లిల ఒక్కని మీద కన్ను పెట్టు అన్న. పెండ్లిల ఒక ఫొటోగ్రాఫర్ ఒక పెద్దమనిషి ఫొటో కొడతడు. ఆ పెద్దమనిషి సైగ చేస్తడు, మనుషులు కెమెరా గుంజుకుంటరు, లోపలి ఫిలిం తీసి పారేస్తరు. అంతే. ఆయన పేరు బర్జీని. ఫిలిం చేతుల పెట్టుకొని బతికినోణ్ని కదా, వెలుతురుకు పడ్డ ఫిలిం అంటే ఏందో నాకు తెలుసు. దాని మీద ఇంక బొమ్మ ఉండదు. తన మొహం ఎక్కడా మిగలొద్దు అనుకునే మనిషి ఎంత ప్రమాదమో ఆ కొన్ని సెకండ్లల్ల చెప్పేసిండు దర్శకుడు కొప్పోలా. తర్వాత రెండు గంటలు మనల్ని వేరే దిక్కు చూపిస్తడు. సొల్లొజ్జో మత్తు వ్యాపారం తెస్తడు, టటాలియా అడ్డం పడతడు, పోలీసు కెప్టెన్ మెక్లస్కీ డాన్ చిన్న కొడుకు మైకేల్ దవడ పగలగొడతడు, పెద్ద కొడుకు సానీని టోల్‌గేటు కాడ సంపుతరు. శాంతి మీటింగు నుంచి తిరిగి వస్తుంటే కార్ల కూసొని ముసలి డాన్ చెప్తడు, దీనంతటి వెనుక ఉన్నది బర్జీనీ అని. పెండ్లి చూడనోనికి ఆ పేరు ఒక పేరే. చూసినోనికి గుండె జారుతది.

హోటల్ల మైకేల్ ఇద్దర్ని కాల్చే సీను గురించి కూడా చెప్పాలె. సొల్లొజ్జో ఇటాలియన్‌ల మాట్లాడుతుంటే కింద అక్షరాలు వెయ్యరు. మనకు అర్థం కాదు, అవసరం లేదు. ఆ మాటలు వినే స్థితిల మైకేల్ కూడా లేడు. బయట రైలు సప్పుడు పెరుగుతుంటది. సౌండ్ చేసిన వాల్టర్ మర్చ్ పాట పెట్టలేదు, తుపాకి పేలిన తర్వాతనే సంగీతం వస్తది. అక్కడి నుంచి మైకేల్‌కు ఎదురు బయట ఎవడు లేడు. చర్చిల పిల్లగానికి జ్ఞానస్నానం చేయించుకుంట సైతానును విడిచిపెడుతున్న అని నోటితో చెప్తుంటడు, అటు ఆయన మనుషులు ఒక్కొక్కణ్ని సంపుతుంటరు. ఇంటికి వచ్చే టెస్సియో, బావ కార్లో, ఇద్దరూ సొంతోళ్లే. భార్య ముఖం మీద తలుపు పడతది. నాయకుడుల ఎదుటోళ్లు హీరోను ఓడగొడతరు. ఇక్కడ మైకేల్ అందరినీ ఓడగొట్టి ఓడిపోతడు. ఒక్క మాట: ఇది చిన్న ఫోన్‌ల చూడొద్దు. కెమెరా పట్టిన గోర్డన్ విల్లిస్ కావాలని చీకటి చీకటిగ తీసిండు, డాన్ కండ్లు కూడా సరిగ కనపడవు. ఎండ పడే రూముల చూస్తే నల్లటి తెర తప్ప ఏమి కనపడదు. రాత్రి, లైట్లు ఆర్పి చూడాలె.

గుడ్‌ఫెల్లాస్‌కు వస్తే నా లెక్క మొత్తానికి పరీక్ష. 1990ల మార్టిన్ స్కార్సెసీ తీసిండు, నికొలస్ పిలెజ్జీ రాసిన నిజం కథ మీద. మొదటి గంటన్నర చూస్తే ఎదుటోడే లేడు. హెన్రీ హిల్ పిల్లగాడు గ్యాంగుల చేరతడు, సుఖం చూస్తడు, పైసలు చూస్తడు, గొంతు వెనుక నుంచి ముచ్చట చెప్పుకుంట పోతనే ఉంటడు. మరి నేను లేచి ఎందుకు పోలే? దానికి స్కార్సెసీ మొదట్లనే జవాబు పెట్టిండు. సినిమా 1970ల మొదలైతది, కారు డిక్కీల ఒక మనిషి, ఇంకా సావలేదు, హెన్రీ దోస్తు టామీ కత్తితో పొడుస్తడు. అక్కడి నుంచి 1955కు పోయి చిన్నతనం చూపిస్తడు. నడుమల మళ్లీ అదే డిక్కీ కాడికి వస్తడు. ఆ సచ్చినోడు బిల్లీ బ్యాట్స్, మాఫియాల ప్రమాణం చేసినోడు, వాణ్ని ముట్టుకుంటే తప్పించుకునుడు ఉండదు. ఎదుటోణ్ని ముందే సంపి డిక్కీల పెట్టిండు. సుఖం చూపిస్తున్నంత సేపు ఆ డిక్కీ మన వెంట వస్తనే ఉంటది.

లుఫ్తాన్సా విమాన కంపెనీ కాడ చేసిన దొంగతనం, అంత పెద్దది, అసలు చూపించనే చూపించడు. హెన్రీ స్నానం చేసుకుంట రేడియోల వింటడు. చూపించింది దాని తర్వాత గ్యాంగుల ఇంకో దోస్తు జిమ్మీ చేసే పని. వాటాలు అడిగే దోస్తులను ఒక్కొక్కణ్ని మాయం చేస్తడు. ఆఖరుల ఒక సీను ఉన్నది, నాకు ఆరు సినిమాలల్ల అదే ఎక్కువ భయం పుట్టించింది. హెన్రీ భార్య క్యారెన్ జిమ్మీ కాడికి పోతది. మంచి బట్టలు ఉన్నయి, ఆ మూల దుకాణంల తీసుకో పో అంటడు జిమ్మీ, నవ్వుకుంట. ఆమె ఆ గల్లీల నడుస్తది. లోపల చీకట్ల ఇద్దరు ముగ్గురు కదులుతుంటరు. వెనక్కి తిరిగి చూస్తే జిమ్మీ ఇంకా చెయ్యి ఊపుతనే ఉంటడు, పో, ఇంకొంచెం పో అని. ఆమె ఉరికి కార్ల పడతది. ఆ గల్లీల నిజంగ సంపేటోళ్లు ఉన్నరా లేదా సినిమా చెప్పదు. దోస్తు నవ్వు చూసి ఉరకాల్సి వచ్చింది, అక్కడికి ఆ దోస్తానా అయిపోయింది. భావు భీకూను కాల్చినప్పుడు సప్పుడు ఉన్నది. ఇక్కడ అది కూడా లేదు.

ఆ ఆఖరి రోజు, 1980 మే 11, గంటల లెక్కన నడిపిస్తడు. హెలికాప్టర్ నెత్తి మీద తిరుగుతుంటది, ఇంట్ల కూర ఉడుకుతుంటది, ముక్కుల మత్తు పోతుంటది. ఈ సినిమాను మన టాకీసులల్ల వేస్తే ఇంటర్వెల్ ఎక్కడ ఇచ్చేదా అని చాలా ఆలోచన చేసిన. బిల్లీ బ్యాట్స్ హత్య కాడ ఇస్తే బాగుండు అనిపిస్తది. అయితే ఇది ఒక్క బిగిన ఉరికే సినిమా, ఎక్కడ ఆపినా ఊపు పోతది. ఇంట్ల చూసేటోళ్లు నడుమ ఆపకుంట చూడండ్రి.

హీట్ మీద తక్కువ చెప్త. 1995, మైకేల్ మాన్, దగ్గర దగ్గర మూడు గంటలు. దొంగ నీల్‌గ రాబర్ట్ డి నీరో, పోలీసు విన్సెంట్ హన్నాగ అల్ పచీనో. ఇద్దరికీ చెరి సగం సినిమా ఇచ్చిన్రు, ఇద్దరికీ ఇల్లు నిలబడదు, ఇద్దరికీ పని తప్ప వేరేది రాదు. చికాగోల నిజంగ నీల్ మెకాలీ అనే దొంగను వెంటాడిన పోలీసాయన ముచ్చట నుంచి పుట్టిన కథ ఇది. సినిమా సగం కాడ ఇద్దరు ఎదురెదురు కూసొని కాఫీ తాగుతరు. కొట్లాట లేదు, బెదిరింపు కూడా మర్యాదగనే. ఆ ఒక్క సీను ఇప్పటి మన హీరో–విలన్ డైలాగుల సీన్లకు పాఠం కావాలె. ఇద్దరిల ఎవడు గెలిచినా మనకు నష్టం అనిపిస్తది, దానికోసమే గంటన్నర కట్టుకుంట వచ్చిండు.

నాకు నచ్చనిది కూడా ఉన్నది. నీల్ గ్యాంగుల ఒక్కొక్కనికి ఇల్లు, పెండ్లాం, బాధ, అటు హన్నా ఇంట్ల ఇంకో గొడవ. ఇన్ని కొమ్మలు పెరిగి అసలు కాండం కాసేపు కనపడదు. ఆ కొమ్మలల్ల వెయింగ్రో అనే ఒక్కడు మాత్రం పనికొస్తడు. మొదటి దోపిడిల గార్డును ఉత్త పుణ్యానికి కాల్చిన తలతిక్కలోడు. నీల్ తప్పించుకొని పోయే దారిల ఉండి కూడా వీని కోసం కారు మళ్లిస్తడు. నీల్‌ను హన్నా పట్టుకున్నడు అనుకుంటరు గాని, పట్టించింది వెయింగ్రోనే, తాను కూలికి తెచ్చుకున్న మనిషి. మళ్లీ నాయకుడు కాడికే వచ్చినం చూడండ్రి.

మా అక్క కొడుకు ఆఖరికి నన్ను ఏ వరుసల చూడాలె మామా అని అడిగిండు, వాని దోస్తులకు చెప్పటానికంట. శివతో మొదలు పెట్టుమన్న, ఎదుటోడు ఎదురుంగ ఉంటడు కాబట్టి సులువుగ దొరుకుతడు. తర్వాత సత్య. దానెనుక గాడ్‌ఫాదర్, గుడ్‌ఫెల్లాస్. హీట్ చూసేటప్పుడు టీవీ స్పీకర్లతో చూడొద్దు, దోస్తులల్ల ఎవనింట్ల మంచి బాక్సులు ఉంటే అక్కడికి పోవాలె, ఎందుకంటే బ్యాంకు బయట నడిరోడ్డు కాల్పుల సప్పుడు ఆ జాగలనే రికార్డు చేసిన్రు, బిల్డింగులకు తగిలి తిరిగొచ్చే మోత చిన్న స్పీకర్లకు అందదు. నాయకుడు అన్నింటికంటే వెనుక చూడుమన్న. అప్పటికి ఎదుటోణ్ని వెతికే కన్ను వస్తది, కేల్కర్ ఇంట్ల నిలబడ్డ పిల్లగాణ్ని మొదటిసారే పట్టేస్తరు.